మబ్బు చేతులు, గిన్నెడు జావ

శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ నడిబొడ్డున పోర్ట్స్‌మత్ స్క్వేర్ అనే చిన్న పార్కు ఉంది. చైనాటౌన్‌కి హాలు అదేనంటారు అక్కడివాళ్లు. ఊరికే అనరు. ఆ పేటలో ముసలివాళ్లు చాలామంది ఒంటిగదుల్లో ఉంటారు. మంచం వేస్తే గది నిండిపోతుంది, వంటిల్లూ స్నానాలగదీ అంతస్తులో అందరికీ ఉమ్మడి. చేతులు బారచాపాలంటే బయటికి రావాల్సిందే. అలా వచ్చినవాళ్లే ఏళ్లతరబడి ఆ పార్కులో పొద్దున్నే తాయ్‌చీ చేస్తూ కనిపించారు.

దూరం నుంచి చూస్తే నీళ్లలో నడుస్తున్నట్టు ఉంటుంది. ఇదేం వ్యాయామం, చెమటైనా పట్టదు అనిపిస్తుంది. దగ్గరికెళ్లి ‘మబ్బు చేతులు’ అనే కదలిక ఒక్కటి గమనించండి. వెన్ను నిటారుగా పెట్టి, మోకాళ్లు కాస్త సడలిస్తారు. ఒక చెయ్యి ముఖం ముందు నుంచి, రెండోది పొట్ట ముందు నుంచి మెల్లగా పక్కకి సాగుతాయి. చేతుల్ని తిప్పేది భుజాలు కాదు, నడుము. చూపు పైచేతి వెంటే వెళుతుంది. ఈలోగా బరువంతా ఒక కాలి మీదికి చేరుతుంది. రెండో కాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే నేల విడుస్తుంది. బరువు మోసేది నిండు కాలు, మోయనిది ఖాళీ కాలు. తాయ్‌చీ గురువులు రోజంతా చెప్పేది ఈ రెండు కాళ్ల సంగతే.

పెద్దవాళ్లు తరచూ పడిపోయేది ఇక్కడే. స్నానాలగది గడప దాటుతూనో, మెట్టు దిగుతూనో, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారే ఆ క్షణంలోనే తూలతారు. తాయ్‌చీ ఆ క్షణాన్ని సాగదీసి, వందసార్లు చేయిస్తుంది. అమెరికాలోని ఆరెగన్‌లో పడిపోయే ముప్పున్న, 70 దాటిన 670 మందిని పరీక్షించారు. 2018లో ఫలితాలొచ్చాయి. తాయ్‌చీ నుంచి మలిచిన కదలికలు వారానికి రెండుసార్లు చేసినవాళ్లలో పడిపోవడాలు, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే 58 శాతం తగ్గాయి. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. మోకీళ్లు అరిగినవాళ్లు సినిమాల్లోలా కిందికి కూర్చోకూడదు. నిలబడే కాస్త వంగితే చాలు.

ఈ విద్య 17వ శతాబ్దంలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబీకుల ఊళ్లో పుట్టిన యుద్ధకళ. పాత వరసలు చాలా పొడుగు. 1956లో చైనా క్రీడాశాఖ యాంగ్ బాణీని కుదించి 24 కదలికలు చేసింది. ఐదారు నిమిషాల్లో అయిపోతాయి. వలస వచ్చిన ముసలివాళ్ల వెంట పెట్టెలూ బుట్టలూ అక్కర్లేకుండా వచ్చిన ఆస్తి ఇది.

వ్యాయామం సరే, తిండి దగ్గరే అసలు చిక్కు. ‘అన్నం అరకప్పు, కూరలు రెండు కప్పులు’ అని కరపత్రంలో రాస్తే ఆ పేట బామ్మకి ఏమర్థమవుతుంది? ఆమె తినేది గిన్నెలో. కూరలు బల్ల మధ్యలో ఉంటాయి, ఎవరి చాప్‌స్టిక్స్‌తో వాళ్లు తీసుకుంటారు. పైగా చైనాలో 1959-61 నాటి కరువు చూసినవాళ్లకి మెతుకు వదిలెయ్యమని చెప్పడం తిట్టినట్టే ఉంటుంది. అందుకే ఈ సంగతి తెలిసిన డైటీషియన్ కప్పుల మాట ఎత్తదు. చిన్న గిన్నె తీసుకోమంటుంది.

పొద్దున తాగే బియ్యం జావలో, అంటే జూక్‌లో, తప్పేమీ లేదు. దాని పక్కన చేరేవాటితోనే తంటా: ఉప్పులో ఊరిన బాతుగుడ్డు, ఊరబెట్టిన ఆవాకు, సోయాసాస్. పెద్ద చెంచాడు సోయాసాస్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 2000 దాటవద్దంటుంది. మరి జావ మానెయ్యాలా? అక్కర్లేదు. అల్లం, ఉల్లికాడలు, తెల్లమిరియాలు, ఎండు పుట్టగొడుగులు ఉప్పు లోటు తెలియనివ్వవు. సాస్‌ని కూరలో గుమ్మరించే బదులు పక్కన పెట్టుకుని అద్దుకుంటే సీసా ఎక్కువ రోజులొస్తుంది.

ఇంకో దారి వాళ్ల మాటల్లోనే ఉంది. మనలాగే వాళ్లూ వేడి చేసేవి, చలవ చేసేవి అని చూస్తారు. వేపుళ్లు వేడి, కాకరా బూడిదగుమ్మడీ చలవ. వేపుడు తగ్గించమంటే వినని తాత, ఒంట్లో వేడి చేసింది, బూడిదగుమ్మడి చారు తాగమంటే వింటాడు. శాస్త్రం కాదు కదా అని గొణిగేవాళ్లుంటారు. గిన్నెలోకి కూర వచ్చిందా లేదా అన్నదే నాకు ముఖ్యం. మూలికల బలం మందుల దగ్గర మాత్రం ఈ మెతకదనం పనికిరాదు. రక్తాన్ని పలచబరిచే మందు వార్ఫరిన్ వాడేవాళ్లు డాంగ్ గుయ్ వేరు తింటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

పెద్దవాళ్ల అలవాట్లని వదలకుండానే సాయపడే ఈ పద్ధతి విలువని సంస్థగా నిలబెట్టి చూపించింది ఆన్ లోక్. 1971లో అదే చైనాటౌన్ ప్రాంతంలో పుట్టింది. కాంటనీస్‌లో ఆ పేరుకి శాంతి, సంతోషం అని అర్థం. ముసలివాళ్లని నర్సింగ్‌హోమ్‌కి పంపకుండా ఇంట్లోనే ఉండనిచ్చి, పగలు ఒకేచోట వైద్యం, వ్యాయామం, అలవాటైన భోజనం, సొంత భాషలో నాలుగు మాటలు దొరికేలా చేసింది. ఆ నమూనానే తర్వాత దేశమంతటికీ పాకింది. 1997లో ఫెడరల్ చట్టం దాన్ని పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేర్చింది.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పిల్లల దగ్గర ఉంటున్న మన పెద్దవాళ్లకీ తిండి దగ్గర ఇదే అవస్థ. కాబట్టి ఈసారి అమ్మకి వాట్సాప్‌లో డైట్ చార్ట్ పంపేముందు, ఆవకాయ ఏ చెంచాతో వేసుకుంటోందో అడగండి.