దురభిప్రాయానికి రెండు ముఖాలు

నార్మన్ డేనియల్ 1960లో ప్రకటించిన 'ఇస్లాం అండ్ ది వెస్ట్' పాశ్చాత్యుల దురభిప్రాయాల పుట్టుకను గూర్చి వెలువడిన గ్రంథాలలో నేటికీ విడువరానిది. మధ్యయుగాల లాటిన్ క్రైస్తవ రచయితలు ఇస్లాంను గూర్చి వ్రాసినవాటిని ఆయన ఎంతో ఓపికతో పరిశీలించారు. ఆయన నిరూపించినదేమంటే, అసలు లోపం సమాచారం లేకపోవడం కాదు. క్లూనీ మఠాధిపతి పీటర్ పూనికతో రాబర్ట్ ఆఫ్ కెటన్ 1143 నాటికే ఖురాన్‌ను లాటిన్‌లోకి తెచ్చాడు. మూలం చేతికి అందినా రచయితలు పాత కట్టుకథలను వదలలేదు; ఖండనకు పనికివచ్చినంత మేరకే క్రొత్త సంగతులను గ్రహించారు. 1543లో బాసెల్ నగరంలో అచ్చయినది కూడ ఆ అనువాదమే.

ముస్లిం పాఠకుడు ఇంతవరకు చదివి, తృప్తితో పుస్తకం మూసివేయడం సులభం. కాని దీని ప్రక్కన సయ్యద్ ఖుతుబ్ 1951లో 'అల్ రిసాలా' పత్రికలో వ్రాసిన 'నేను చూసిన అమెరికా' వ్యాసాలను కూడ పెట్టుకొని చదవాలి. ఆయన 1948 చివర ఈజిప్టు ప్రభుత్వం పంపగా వెళ్ళి, 1950లో తిరిగి వచ్చారు. కొంతకాలం కొలరాడోలోని గ్రీలీ పట్టణంలో ఉన్నారు. అది మద్యనిషేధ ఆదర్శంతో 1870లో వెలసిన ఊరు. 1969 వరకు అక్కడ మద్యం అమ్మకం లేదు. అట్టి ఊరిలో చర్చివారు నడిపిన ఒక నృత్యమే ఆయన వ్యాసంలో అమెరికా అంతటికీ ప్రతినిధి అయింది. శాస్త్రంలో, పనిలో అమెరికన్ల సామర్థ్యాన్ని ఒప్పుకున్నారు గాని, తక్కినదంతా మొరటుదనమే. చివరకు మంగలివాడు చేసిన క్షవరాన్ని కూడ ప్రతిసారీ ఇంటికి వచ్చి సరిదిద్దుకోవలసి వచ్చిందట! ఇది నవ్వి ఊరుకోదగినదే. జాజ్ సంగీతాన్ని నల్లవారి ఆదిమ ప్రవృత్తులకు ముడిపెట్టడం మాత్రం అట్టిది కాదు. అది తెల్లవారి దురభిప్రాయమే. పాశ్చాత్యులను నిందించబూని వారి వద్దనే అరువు తెచ్చుకున్న మాట.

అయితే ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు. ఐరోపావారి ఊహలకు తరువాత సేనలు, పరిపాలన తోడైనవి. ఈజిప్టు 1882లో బ్రిటిషు వారి ఆక్రమణలోకి పోయింది. ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం'లో చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. ఆ గ్రంథాన్ని మెచ్చుకుంటూనే, అదే పద్ధతిని తలక్రిందులు చేసి వాడుకునే అరబ్బు మేధావులను సిరియా తాత్త్వికుడు సాదిక్ జలాల్ అల్ అజ్మ్ 1981లో గట్టిగా విమర్శించాడు. ఆ విమర్శకు మనవారిలో తగినంత చర్చ జరగలేదనే నా అభిప్రాయం.

పన్నెండవ శతాబ్దపు షైజర్ రాజవంశీయుడు ఉసామా ఇబ్న్ మున్కిజ్ ఖుతుబ్ కంటె కటువుగానే వ్రాశాడు. ధైర్యం తప్ప ఫ్రాంకులకు వేరు సుగుణం లేదన్నాడు. అయినా కంటబడినదాన్ని దాచలేదు. జెరూసలేంలో ఆయన నమాజు చేస్తుండగా ఒక ఫ్రాంకు మీదపడి, ఆయన ముఖాన్ని బలవంతంగా తూర్పుకు త్రిప్పాడు. అక్కడి టెంప్లర్లు వానిని ఈడ్చివేసి, ఇతడు మా దేశం నుండి ఈమధ్యనే వచ్చినవాడని క్షమాపణ చెప్పుకున్నారు. వారిని ఉసామా తన మిత్రులనే వ్రాసుకున్నాడు.