చీకట్లో వేసే పసరుదారి

రూఫ్‌కు సపోర్టు పెట్టనిదే ముందుకు అడుగు వేయకూడదని గోదావరిఖని బొగ్గుబాయి పనివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మూసుకుపోయిన పైత్యరస నాళానికి అల్ట్రాసౌండ్ సాయంతో కొత్త దారి వేసే వైద్యుడి పనిలోనూ నాకు ఆ నేర్పే కనిపిస్తుంది.

క్లోమం తలభాగంలో గడ్డ లేచి నాళాన్ని నొక్కితే పసరు వెనక్కి ఎగదన్నుతుంది. కళ్లు పచ్చబడతాయి, దురద నిద్ర పోనివ్వదు. మామూలుగా అయితే ఎండోస్కోప్‌తో ఈఆర్‌సీపీ చేసి, నాళం పేగులో తెరుచుకునే చోటి నుంచే స్టెంటు అనే చిన్న గొట్టం ఎక్కిస్తారు. గడ్డ ఆ వాకిలినే మూసేస్తే, పక్కటెముకల సందులోంచి కాలేయంలోకి గొట్టం దించి బయట సంచీ తగిలించేవారు. 2001లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో వైద్యుడు జొవానీనీ బృందం పేగు గోడలోంచే నేరుగా నాళంలోకి దారి వేసింది. ఇప్పుడు హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలోనూ ఈ పద్ధతి ఉంది.

పేగులోని గాలి అల్ట్రాసౌండ్‌ను సాగనివ్వదు. అందుకే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌నే ఎండోస్కోప్ కొసన అమర్చి, నోటి గుండా చిన్నపేగు మొదటి మలుపు దాకా తీసుకెళ్లి, గోడకు ఆనిస్తారు. ఉబ్బిన నాళం ఆ గోడ వెనకే నల్లని గొట్టంలా కనిపిస్తుంది. పక్కనే ఉన్న పెద్ద సిర కూడా అంతే నల్లగా ఉంటుంది! డాప్లర్ వేస్తే కదిలే రక్తం రంగుల్లో తేలుతుంది. పసరు నల్లగానే మిగులుతుంది. సూది ఏ గీత వెంట వెళ్తుందో, తెర మీది బొమ్మ కూడా ఆ గీత వెంటే పడుతుంది కాబట్టి దాని మొనను కనుమరుగు కాకుండా చూసుకోవచ్చు.

మిల్లీమీటరు లావు సూది నాళంలో దిగాక కొంచెం పసరు లాగి చూస్తారు. రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో నాళం కొమ్మలను చూస్తారు. సూదిలోంచి సన్నని తీగ పంపి, సూది తీసేసి, తీగ మీదుగా దారి వెడల్పు చేస్తారు. ఈ అంచెలో తీగ జారితే పసరు కడుపులోకి కారుతుంది. అసలు చేతి నేర్పు ఇక్కడే తెలుస్తుంది.

కొత్త రకం స్టెంటు ఆ అంచెలను ఒక్కటి చేసింది. దాని రూపం ఢమరుకం: రెండు అంచులూ వెడల్పు, నడుము సన్నం. దాన్ని మోసే గొట్టం కొస కరెంటుతో వేడెక్కి, గోడలను కోసుకుంటూ నాళంలో దిగుతుంది. ముందు లోపలి అంచును విప్పి వెనక్కి లాగుతారు; నాళం వచ్చి పేగుకు ఆనుతుంది. అప్పుడు రెండో అంచు పేగులో విచ్చుకుంటుంది. ఒకదానికొకటి అతుక్కుని లేని రెండు అవయవాలను ఆ అంచులు పట్టి ఉంచుతాయి, లోపలి పొర కారకుండా కాస్తుంది. ఎంత పొందికైన ఆలోచన!

మరుక్షణం స్టెంటు నోట్లోంచి నల్లపచ్చని పసరు పేగులోకి ధార కడుతుంది.