‘పూజ్యం’ అన్న మాట – గోల్కొండ కవుల సంచిక సమాధానం

నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు పూజ్యమని ముడుంబ రాఘవాచార్యులు అనడం, అందుకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల పద్యాలతో గోల్కొండ కవుల సంచికను వెలువరించడం తెలుగు పరిశోధకులకు సుపరిచితమైన విషయాలు. ఆ వివాదానికి మూలమైన పదం పనిచేసిన తీరు ఇక్కడ పరిశీలనాంశం.

గణితంలో పూజ్యమంటే సున్న. తర్కరీత్యా చూస్తే ఈ వ్యాఖ్యను ఖండించడానికి ఒక్క కవి చాలు. ఆ ఒక్కరి కోసం దూరం వెళ్లనక్కరలేదు. ప్రతాపరెడ్డి స్వగ్రామం ఇటిక్యాలపాడు గద్వాల ప్రాంతంలోనిది. ఆ సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అనే ప్రసిద్ధి ఉండేది. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం కేంద్రంగా సాగిన జటప్రోలు సంస్థానంలో ప్రభువే కవి: చంద్రికాపరిణయకర్త సురభి మాధవరాయలు. అటువంటప్పుడు 354 మంది ఎందుకు?

సంపూర్ణత్వాన్ని చెప్పే విశేషణాల ప్రయోగంలోనే దీనికి జవాబుంది. ఆంగ్లంలో ‘అట్టర్’ అనే విశేషణం వ్యుత్పత్తిరీత్యా ‘మరింత వెలుపలి’ అన్న అర్థం గలది. నేడది ప్రాయికంగా వైఫల్యం, అవివేకం వంటి నిందార్థక నామాలతోనే చేరుతుంది. తెలుగువారు దానిని ‘ఫ్లాప్’తో కలిపి మాత్రమే అరువు తెచ్చుకోవడం యాదృచ్ఛికం కాదు. తెలుగులో ‘శుద్ధ’ ప్రవృత్తి కూడా ఇదే. జలానికి చేరితే నిర్మలత్వం చెబుతుంది. దండుగకో, అబద్ధానికో చేరితే నిందకు పరాకాష్ఠ అవుతుంది. శుద్ధ తెలివితక్కువ అంటారు గాని శుద్ధ తెలివి అనరు. ‘పచ్చి’ మాత్రం అబద్ధానికీ నిజానికీ సమానంగా చెల్లుతుంది. ‘చాలా శుద్ధ అబద్ధం’ అన్న ప్రయోగం లేదు. ఈ అర్థంలో ఆ పదం తరతమ భేదాన్ని ఒప్పుకోదు.

పరిమాణాన్ని చెబుతున్నట్లు కనిపిస్తూ విలువను నిర్ణయించడం ఈ పదాల స్వభావం. అందువల్ల ఒక్క మినహాయింపు చూపితే అవి కూలవు. ‘ఆ ఒక్కరు తప్ప’ అని దానిని తమలో కలుపుకొని నిలుస్తాయి. పూజ్యం విషయంలో మరొక చిక్కుంది. గౌరవార్హమనే అర్థం కూడా ఉన్నందున ఆ మాట సున్న చుడుతూనే నమస్కరిస్తున్నట్లు ధ్వనిస్తుంది. ఆక్షేపణలోని గడుసుదనం అక్కడుంది.

కనుక ప్రతాపరెడ్డి మహాకవి నొకరిని ముందు నిలిపి ఊరుకొని ఉంటే వ్యాఖ్య చెక్కుచెదరకపోను. సంచికలోని రచనలన్నీ ఒకే స్థాయివి కావన్న విమర్శ సత్యమే గాని, అది ఈ సందర్భాన్ని విస్మరిస్తుంది. ఉత్తమ కావ్యసంకలనంగా చూస్తే లోపంగా తోచే విస్తృతి, ఖండనగా చూస్తే అత్యవసరం. అక్కడ సామాన్యుల పద్యాలకు కూడా సాక్ష్యవిలువ ఉంది. అనంతర కాలంలో, 1952లో, ఆయనను శాసనసభకు పంపిన వనపర్తితో సహా సంస్థానాల సాహిత్యాన్ని అధ్యయనం చేసేవారు ఈ సంచికను కవితాగుణం కోసమే కాక ప్రాతినిధ్యం కోసం కూడా చదవవలసి ఉంది. ఎవరి పద్యం బలహీనమన్నది అప్పుడు రెండవ ప్రశ్న అవుతుంది.