వణుకు రాకముందే

డిసెంబరు, జనవరి నెలల్లో నర్సీపట్నం నుంచి లంబసింగికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లడం తెలుగునాట దొరికే గొప్ప సుఖాల్లో ఒకటని నా నమ్మకం. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. పైనున్న ఊరు దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. కొన్ని రాత్రులు అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది, పొద్దెక్కినా పొగమంచు విడవదు. ఏటా ఈ దారిలో కొత్త సైకిళ్లు కనిపిస్తుంటే సంతోషంగా ఉంటుంది. ఈ వారం రాస్తున్నది ఆ కొత్తవాళ్ల కోసమే. చెప్పదలచుకున్నది ఒక్క మాట: చలిలో ఒళ్లు తన అవసరాలను ఆలస్యంగా చెబుతుంది. అది అడిగేదాకా ఆగితే చెయ్యి దాటిపోతుంది.

ముందు దాహం సంగతి చూద్దాం. ఎండాకాలంలో గొంతు ఎండుతుంది, చెమట కళ్లలోకి కారుతుంది, చెయ్యి దానంతటదే నీళ్ల సీసా మీదికి పోతుంది. చలిలో అలా జరగదు. వేడి పోకుండా చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం ఒంటి లోపలికి చేరుతుంది. లోపల రక్తం నిండుగా కనిపించడంతో దాహం మందగిస్తుంది, మూత్రపిండాలేమో నీటిని ఇంకా బయటికి పంపేస్తాయి. నోటి నుంచి తెల్లగా వచ్చే ఆవిరి కూడా మన ఒంట్లోని నీరే. చెమట పడుతూనే ఉంటుంది, గాలికి ఆరిపోతుంది కాబట్టి తెలియదు. అందుకే చలికాలంలో దాహాన్ని నమ్ముకోకుండా గడియారం చూసుకుని తాగాలి. పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు, గంటకు అరలీటరు చొప్పున తాగితే చాలామందికి సరిపోతుంది.

ఆకలిదీ అదే వరస. కండరాల్లోనూ కాలేయంలోనూ కలిపి మనకుండే పిండిపదార్థపు నిల్వ సుమారు 400 నుంచి 500 గ్రాములు. రాత్రి భోజనం చేసి పడుకుని నాలుగింటికి లేచేసరికి కాలేయంలోని వాటా బాగా తరిగిపోయి ఉంటుంది. పైగా చలిలో ఒళ్లు ఆ నిల్వనే ఎక్కువగా ఖర్చు పెడుతుంది. వణుకు మొదలైందా, కండరాలు వేడి పుట్టించడానికే దాన్ని తగలేస్తాయి. ఇక తొక్కడానికి ఏం మిగులుతుంది? అందుకే పరగడుపున బయల్దేరొద్దు. ఆ వేళకు ఇడ్లీ దిగకపోతే బెల్లం కలిపిన వేడి రాగి జావ ఒక గ్లాసు, ఒక అరటిపండు చాలు. బయల్దేరిన అరగంట నుంచే మళ్లీ తినడం మొదలుపెట్టాలి. రెండు మూడు గంటల రైడ్‌కి గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది. ఐదారు ఖర్జూరాలు తిన్నా ఇంచుమించు అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం పానకమే. శ్రీరామనవమి ఎండల్లో తాగే ఆ పానకం ఘాట్ చలికీ చక్కగా పనికొస్తుంది. అరలీటరు వేడినీళ్లలో 35 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త శొంఠి, మిరియాల పొడి వేసి, వడకట్టి, వేడి నిలిపే ఫ్లాస్కులో పోసుకోవాలి. అది దాదాపు ఏడు శాతం తీపి. అంగట్లో అమ్మే స్పోర్ట్స్ డ్రింకుల్లో ఉండేదీ ఇంచుమించు అంతే. బెల్లంలోని చక్కెర పేగుల్లో గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. ఆ రెండూ వేర్వేరు దారుల్లో రక్తంలోకి చేరతాయి కాబట్టి కడుపు మీద భారం తక్కువ. గోరువెచ్చగా ఉంటే తాగాలనీ అనిపిస్తుంది. సీసాలో నీళ్లు చల్లబడి జిల్లుమంటుంటే ఎవరు మాత్రం తాగుతారు?

సంక్రాంతి రోజుల్లో ఇంట్లో సున్నుండలు, అరిసెలు ఉంటాయి. మంచి తిండే, కానీ వాటిలోని నెయ్యి, నూనె మెల్లగా అరుగుతాయి. ఎక్కుతున్నప్పుడు కాకుండా పైకి చేరి స్థిమితపడ్డాక తినండి. దారిలోకి పల్లీ పట్టి, నువ్వుండలు తీసుకెళ్లండి. వాటి కవర్లు ఇంట్లోనే సగం చింపి జేబులో పెట్టుకోండి. చేతి తొడుగులతో, మొద్దుబారిన వేళ్లతో కవరు చింపడం కష్టమై తినడం మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

బట్టల విషయంలో అసలు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కుతుంటే ఒళ్లే కొలిమి. అందుకే బయల్దేరేటప్పుడు కాస్త చలేస్తేనే మంచిది. మొదటి నుంచీ మందంగా కప్పుకుంటే చెమటకు లోపలి బట్ట తడుస్తుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నూలు బనియను ఆ తడిని వదలదు కాబట్టి ఒంటికి ఆనుకుని ఉండేది పాలిస్టరో ఉన్నో కావాలి. ఇక దిగుడు. గాలి 10 డిగ్రీలుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగేవాళ్లకు అది 6 డిగ్రీల చలిలా తగులుతుంది. 5 డిగ్రీలుంటే సున్నాకు కాస్త కిందే. అప్పుడు కాళ్లకు పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు. కాబట్టి పైన ఆగగానే, ఒంట్లో వెచ్చదనం ఉండగానే జాకెట్టు వేసుకోవాలి, చెవులు కప్పుకోవాలి, పొడి చేతి తొడుగులు మార్చుకోవాలి. జాకెట్టు లేకపోతే న్యూస్‌పేపరు మడిచి జెర్సీ కింద ఛాతీకి అడ్డం పెట్టుకోండి. యూరప్ కొండల మీద పందెగాళ్లు రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర పేపర్లు అందుకుని తరతరాలుగా చేస్తున్న పనే ఇది.

దిగేటప్పుడే అసలు పరీక్ష అన్న మాట ఎంత నిజమో 1988 జూన్ 5న ఇటలీలోని గావియా కనుమ చూపించింది. జీరో ద ఇటాలియా సైకిలు పందెం ఆ రోజు 2,600 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ కనుమ మీదుగా, మంచు తుఫానులో సాగింది. శిఖరాన్ని అందరికన్నా ముందు దాటింది డచ్ రైడరు యోహాన్ వాన్ డెర్ వెల్డె. పొట్టి చేతుల జెర్సీతోనే దాటాడు. దిగుతుంటే చలికి తాళలేకపోయాడు. ఆ రోజు గమ్యానికి ముప్పావుగంటకు పైగా వెనకబడి చేరాడు. అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్ జట్టు ముందే మేలుకుంది. మంచు క్రీడల దుకాణంలో వెచ్చని బట్టలు కొని సిద్ధంగా ఉంచింది. శిఖరం దగ్గర వేడి టీ అందించింది. ఆ రోజు రెండో స్థానంలో వచ్చిన హాంప్‌స్టెన్ మొత్తం పందెంలో ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీ అందుకున్నాడు, చివరికి ఆ ఏటి పందెమే గెలిచాడు. వాన్ డెర్ వెల్డె కాళ్లలో బలానికి లోటు లేదు, ఉంటే శిఖరం మీద మొదటివాడు అయ్యేవాడే కాదు. తేడా అంతా ముందే సిద్ధపడటంలోనే వచ్చింది.

ఎంత తయారైనా ఒంటరిగా మాత్రం వెళ్లకండి. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే మాట తడబడుతుంది, చేతులు పట్టు తప్పుతాయి, వాటితో పాటు బుద్ధీ మందగిస్తుంది. తనకేమైందో ఆ మనిషికే తెలియదు. ‘‘బాగానే ఉన్నాన్రా’’ అంటూనే ఉంటాడు. తెలిసేది పక్కవాళ్లకే. అందుకే మా జట్టులో ఒక నియమం ఉంది. దిగేముందు ప్రతి ఒక్కరూ ఒక అరటిపండు తమ చేత్తో తామే ఒలుచుకుని తినాలి. ఒలవలేని చెయ్యి బ్రేకు పట్టలేదు. అలాంటివాళ్ల తడి బట్టలు మార్పించి, వేడి టీ తాగించి, మంట దగ్గర కూర్చోబెడతాం. తేరుకోకపోతే సైకిలుతో సహా జీపెక్కించి డాక్టరు దగ్గరికి పంపిస్తాం. ఈ విషయంలో మొహమాటానికి చోటివ్వం. మీ జట్టులోనూ ఈ నియమం పెట్టుకోండి.