లీథ్ మీద ఎండపొడ

ఫుట్‌బాల్ స్టేడియంలో పాడే పాట అనగానే చప్పట్లకు తగ్గ దరువు, అవతలి జట్టు మీద ఎకసెక్కం, తమ స్టార్ ఆటగాడి పేరు గుర్తొస్తాయి. ఎడిన్‌బరోలోని హిబర్నియన్ క్లబ్ అభిమానులు తమదిగా చేసుకున్న ‘సన్‌షైన్ ఆన్ లీథ్’లో అవేవీ ఉండవు. బంతి లేదు, గోల్ లేదు, చివరికి క్లబ్ పేరు కూడా లేదు. గుండె చెదిరిన మనిషి ఒకరు, తనను చేరదీసిన మనిషికి మెల్లగా, ప్రార్థన చేస్తున్నట్టు చెప్పుకునే కృతజ్ఞత అది. ఇంత ఆంతరంగికమైన పాట వేలమంది గొంతుల్లో ఎలా ఇమిడింది? జవాబు దాని అల్లికలోనే ఉంది.

పాట కట్టింది ప్రొక్లెయిమర్స్ అనే జంట. క్రెగ్ రీడ్, చార్లీ రీడ్ కవలలు, 1962లో ఎడిన్‌బరోలోని లీథ్‌లోనే పుట్టారు, హిబర్నియన్‌కు వీరాభిమానులు. ఇంట్లో మాట్లాడుకునే స్కాటిష్ యాసలోనే పాడటం మొదటినుంచీ వాళ్ల పంతం. 1988లో వచ్చిన రెండో ఆల్బమ్‌కు ఈ పాట పేరే పెట్టారు. అయిదు వందల మైళ్లు నడుస్తానంటూ ప్రపంచమంతా చుట్టివచ్చిన వాళ్ల హుషారు పాట కూడా ఆ ఆల్బమ్‌లోదే. దాని పక్కన ఇది వెలగలేదు. సింగిల్‌గా విడుదలైనప్పుడు బ్రిటన్ చార్టులో 41వ స్థానం దగ్గరే ఆగిపోయింది.

మొదటి చరణం ఎలా కట్టారో చూడండి. గుండె పగిలిందన్న సంగతిని చెప్పీచెప్పగానే మళ్లీ అదే చెబుతాడు. ఆ వెంటనే దుఃఖాన్ని పేరుపెట్టి నాలుగుసార్లు పిలుస్తాడు. కాగితం మీద చదివితే ఇదంతా పేలవంగానే కనబడుతుంది. పాడితే సంగతి వేరు. మొదటిసారి ఆ మాట సమాచారం, రెండోసారి అది బరువు. తర్వాత ఎదుటి మనిషి చేసిన మేలంతా నాలుగు పొట్టి క్రియల్లో అయిపోతుంది. విశేషణం ఒక్కటి లేదు, ఉపమానం లేదు. పెద్ద ఉపకారం పొందినవాడు అలంకారాల జోలికి పోడని ఈ కవలలకు బాగా తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం రెండో చరణంలో ఉంది. మూస అదే, వరుస అదే. కాకపోతే మొదటి చరణంలో దుఃఖం నాలుగుసార్లు పలికిన చోట ఇప్పుడు కృతజ్ఞత పలుకుతుంది. కన్నీళ్లు ఆరుతున్నాయన్న మాట తప్ప బాధ తీరడం గురించి పెద్ద వివరణేమీ లేదు. అదే పీట మీద దుఃఖం లేచి వెళ్లింది, కృతజ్ఞత వచ్చి కూర్చుంది. వినేవాడి చెవి తనంతట తానే ఆ మార్పును పట్టుకుంటుంది.

అంతసేపూ పొట్టి పొట్టి మాటలతో నడిచిన పాట పల్లవికి వచ్చేసరికి ఒక్కసారిగా పొడుగు వాక్యం అందుకుంటుంది. అందులో సగం ప్రమాణం, సగం వందనం. ఈ భూమ్మీద తనకు చోటున్నంత కాలం తోడుంటానని ప్రమాణం. దేవుడు లీథ్ మీద ఎండ కాయించినంత కాలం ఆయన పనికి, ఇద్దరి పుట్టుకకూ వందనం. దేవుణ్ణి కూడా గుడి పేరుతో కాదు, పనిచోట పెద్దాయన్ని పిలిచినట్టు ‘ఛీఫ్’ అంటాడు. పాట మొత్తంలో ఊరి పేరు వినిపించేది ఇక్కడే. పాదాంతాల శబ్దం వినండి: వర్త్, ఎర్త్, లీథ్, బర్త్. నాలుక పళ్లకు తగిలీ తగలనట్టుండే ఆ మెత్తటి ధ్వని మీదే పాదాలు ఆగుతాయి. మధ్యలో వచ్చే ఛీఫ్, లీథ్‌కు సరిగ్గా ప్రాస కాదు, దగ్గరి చుట్టం. గట్టిగా కొట్టి ముగించే హల్లు లేకపోవడం వల్ల పాదం ఊపిరిలోకి జారిపోతుంది. అలసిన గొంతులకు అది గొప్ప వరం.

లీథ్ ఎడిన్‌బరో ఓడరేవు. 1920లో దాన్ని నగరంలో కలిపేశారు; లీథ్ జనం అంతకుముందే వద్దని భారీగా ఓటేశారు. అక్కడి హెన్రీ రాబ్ ఓడల కర్మాగారం 1984లో మూతపడింది. అర్విన్ వెల్ష్ 1993 నవల ‘ట్రెయిన్‌స్పాటింగ్’లో హెరాయిన్ పాలైన కుర్రాళ్లది కూడా ఈ పేటే. పైగా అక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. అలాంటి చోట ఎండ కాసిందని దేవుడికి దండం పెట్టడం ఉత్త కవి సమయం కాదు.

ఇక 2016 మే 21. హిబర్నియన్ 1902 తర్వాత స్కాటిష్ కప్ గెలవలేదు. మధ్యలో పది ఫైనల్స్ ఓడిపోయింది. ఆ ఏడాది ఆడుతున్నది రెండో శ్రేణి లీగ్‌లో. గ్లాస్గోలోని హ్యాంప్డెన్ పార్క్‌లో ప్రత్యర్థి రేంజర్స్. 80వ నిమిషానికి హిబర్నియన్ 2-1తో వెనకబడి ఉంది. లియం హెండర్సన్ కొట్టిన కార్నర్‌ను ఆంథొనీ స్టోక్స్ తలతో లోపలికి నెట్టి స్కోరు సమం చేశాడు. ఇంజురీ టైమ్ రెండో నిమిషంలో మళ్లీ హెండర్సన్ కార్నరే, ఈసారి కెప్టెన్ డేవిడ్ గ్రే తల. 3-2. అభిమానులు మైదానంలోకి దూకారు, గొడవ కూడా జరిగింది. పోలీసులు మైదానం ఖాళీ చేయించాకే కప్పు ఆటగాళ్ల చేతికొచ్చింది. అప్పుడు హిబర్నియన్ అభిమానుల స్టాండ్లన్నీ ఆకుపచ్చ కండువాలు ఎత్తి ఈ పాట అందుకున్నాయి.

ఆ క్షణాల వీడియో ఉంది. అందులో పల్లవి దగ్గర ‘నువ్వు’ ఎవరో ఆలోచించండి. పాటలో ఆ ‘నువ్వు’కు పేరు లేదు, ఆడో మగో కూడా చెప్పలేదు. అందుకే ఆ రోజు అది క్లబ్ కాగలిగింది, పక్కన నిలబడ్డ కొడుకు కాగలిగింది, కప్పు చూడకుండానే పోయిన తాత కూడా కాగలిగింది. చరణాల్లో మాటలు మళ్లీ మళ్లీ రావడం వల్ల ఏడుపుతో మొదటిసారి మాట పెగలనివాడికి రెండోసారి అందుతుంది.

ముందు 1988 నాటి రికార్డింగ్ వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, క్రెగ్ గొంతుతో చార్లీ గొంతు ఎక్కడ కలుస్తుందో పట్టుకుంటూ. ఆ తర్వాతే హ్యాంప్డెన్ వీడియో చూడండి. వరుస మారితే రెండోదాని హోరులో మొదటిదాని కుట్టుపని వినిపించదు.