మేలుకున్న కణాన్నే పట్టే ప్యాక్-1

వానాకాలం వచ్చిందంటే మన ఇళ్లలో ప్లేట్‌లెట్ల మాట వినబడుతుంది. డెంగీ జ్వరం వచ్చినవాళ్ల మంచం దగ్గర అందరూ అడిగేది ఒకటే: కౌంట్ ఎంతుంది? మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటే మామూలే. ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. వాటిలో పనిలోకి దిగినవెన్నో, ఊరికే తిరుగుతున్నవెన్నో చెప్పదు. ఈ రెండో ప్రశ్నకి జవాబిచ్చే సాధనం పరిశోధనశాలల ఫ్రిజ్‌లో చిన్న సీసాలో ఉంటుంది. పేరు ప్యాక్-1. ఎలుక నుంచి తీసిన మోనోక్లోనల్ యాంటీబాడీ అది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో శాన్‌ఫర్డ్ షాటిల్, ఆయన సహచరులు దాని సంగతిని 1985లో ప్రచురించారు.

ముందు అది పట్టుకునే వస్తువును చూద్దాం. ప్లేట్‌లెట్ రెండు మూడు మైక్రాన్ల బిళ్ల. దాని పైపొరలో ఆల్ఫా టూబీ-బీటా త్రీ అనే ఇంటెగ్రిన్ గ్రాహకాలు సుమారు 80,000 ఉంటాయి. ఒక్కొక్కటీ రెండు ప్రొటీన్ గొలుసుల జంట. ప్లేట్‌లెట్ తీరికగా ఉన్నంతసేపూ ఆ జంట నడుం వంచి, తల పొర వైపు దించుకుని ఉంటుంది. రక్తనాళం తెగి కొలాజెన్ తగిలినా, త్రాంబిన్ తగిలినా కణం లోపల కబురు పాకుతుంది. టాలిన్ అనే ప్రొటీన్ వచ్చి బీటా గొలుసు తోకను పట్టుకుంటుంది. దాంతో గ్రాహకం నిటారుగా లేస్తుంది, తలలో రెండు గొలుసులూ కలిసేచోట ఉన్న గాడి తెరుచుకుంటుంది. ఆ గాడిలోకి రక్తంలోని ఫైబ్రినోజెన్ వచ్చి కూర్చుంటుంది. దానికి రెండు కొసలు. ఒకటి ఈ ప్లేట్‌లెట్‌కి, ఇంకొకటి పక్కదానికి. అలా గుత్తి కట్టి గాయం మూసుకుంటుంది. ఈ గాడి ఎప్పుడూ తెరుచుకునే ఉంటే గాయం లేకుండానే నెత్తురు గడ్డకడుతుంది కాబట్టి ఈ కట్టడి అంతా.

ఈ గ్రాహకాన్ని పట్టే యాంటీబాడీలు చాలానే ఉన్నాయి. ఎక్కువభాగం అది వంగి ఉన్నా, లేచి ఉన్నా ఒకేలా పట్టుకుంటాయి. ప్యాక్-1 ఘనత అది దేన్ని వదిలేస్తుందో అందులో ఉంది. తీరికగా ఉన్న ప్లేట్‌లెట్ జోలికి అది పోదు.

ఇలాంటిదాన్ని ఎవరూ గీసి చెక్కలేదు, ఏరి పట్టారు. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్ చూపిన దారే ఇక్కడా. ఎలుక ప్లీహంలోని యాంటీబాడీ కణాన్ని, చావులేని మైలోమా కణంతో కలిపేస్తారు. కలిసినవి మాత్రమే బతికే ద్రవంలో పెంచి, ఒక్కో కణాన్నీ ఒక్కో గుంటలో విడదీస్తారు. ఆ తరవాతిది చేటలో బియ్యం ఏరినంత ఓపిక పని. ప్రతి గుంటలోని ద్రవాన్నీ పరీక్షించి, ప్రేరేపించిన ప్లేట్‌లెట్లకు అంటుకుంటూ, ప్రేరేపించనివాటిని వదిలేసేదాన్ని పట్టుకోవాలి.

ప్యాక్-1 అసలు కిటుకు 1985 తరవాత నాలుగేళ్లకి బయటపడింది. యాంటీబాడీ కొనలో ఆరు మెలికలుంటాయి, పట్టు వాటిదే. ప్యాక్-1 బరువు గొలుసులోని మూడో మెలికలో ఆర్జినిన్, టైరోసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వరసగా ఉన్నాయని 1989లో తేలింది. ఫైబ్రినోజెన్‌లో ఇంటెగ్రిన్లు గుర్తుపట్టే వరస ఒకటుంది: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. అటు చివరిదీ ఇటు చివరిదీ అవే, నడిమిది మారింది. అంటే ఈ యాంటీబాడీ ఫైబ్రినోజెన్ వేషం కట్టింది. ఆర్జినిన్ గ్రాహకంలోని ఆల్ఫా గొలుసు వైపు, ఆస్పార్టిక్ ఆమ్లం బీటా గొలుసులోని లోహ అయాను వైపు కూర్చునే తాళంచెవి ఇది. ఆ తాళంచెవి నమూనా ఎలుకకి ఎవరూ ఇవ్వలేదు. నాకు ఇందులో అన్నిటికన్నా అబ్బురం అదే.

ఆకారంలోనూ ప్యాక్-1 భారీదే. ఐజీఎమ్ రకం కావడంతో, అయిదు యాంటీబాడీలు ఒకే బొడ్డుకి కట్టినట్టు పది చేతులతో ఉంటుంది.

దీంతో పనిచేసేవాళ్ల జాగ్రత్త కూడా చూడదగ్గదే. చెయ్యిని బిగించి కట్టరు. తీసిన రక్తంలో మొదటి కాస్త పారబోస్తారు, సూది గుచ్చినచోటే ప్లేట్‌లెట్లు ఉలిక్కిపడి ఉంటాయి కాబట్టి. కౌంట్‌కి వాడే ఊదా మూత గొట్టం ఇక్కడ పనికిరాదు. అందులోని ఈడీటీఏ కాల్షియాన్ని పీల్చేస్తుంది, కాల్షియం లేనిదే ఈ గ్రాహకం జంటగా నిలబడదు. సిట్రేట్ ఉన్న నీలి మూత గొట్టం తీసుకుంటారు. గట్టిగా కుదపరు, ఆలస్యం చెయ్యరు. ఒక గొట్టంలో ఏమీ కలపరు, ఇంకోదాంట్లో ఏడీపీ వేసి ప్లేట్‌లెట్లను లేపుతారు. రెండిట్లోనూ పచ్చగా వెలిగే రంగు తగిలించిన ప్యాక్-1 వేసి ఫ్లో సైటోమీటర్‌కి ఎక్కిస్తారు. మొదటిది దాదాపు చీకటి, రెండోది వెలుగు. గ్లాంజ్‌మాన్ వ్యాధి తీవ్రంగా ఉన్నవాళ్ల రక్తంలో ఏడీపీ వేసినా వెలగదు. వాళ్ల ప్లేట్‌లెట్లకి ఆ గ్రాహకమే లేదు.

ఈ యాంటీబాడీ చట్రాన్నే షాటిల్ బృందం 1999లో మరో పనికి వాడుకుంది. ప్యాక్-1 మూడో మెలికను తీసేసి, ఆ చోట అడినోవైరస్ ప్రొటీన్‌లోని ఇంటెగ్రిన్‌ను పట్టే ముక్కను అతికించింది. అలా తయారైన వావ్-1 ప్లేట్‌లెట్ గ్రాహకాన్ని వదిలి, దాని దగ్గరి బంధువు ఆల్ఫా వీ-బీటా త్రీని, అదీ మేలుకున్నప్పుడే, పట్టుకుంటుంది.