గడప దాకా వచ్చే బడి

జూన్‌లో తెలంగాణలో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట మొదలవగానే సర్కారు బడి టీచర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ పనిలో ఆరితేరినవాళ్లను చూడాలి. కూలికి పోయే తల్లిని పొద్దున్నే కలుస్తారు, చేను నుంచి తిరిగొచ్చే తండ్రి కోసం చీకటిపడ్డాక వెళ్తారు. తండాలో లంబాడీల భాష గోర్‌బోలిలో నాలుగు మాటలు కలుపుతారు. ఏ వాడలోనైనా ఇచ్చిన మంచినీళ్లు తాగుతారు. చదువురాని అవ్వకు మనవడి మార్కులు చదివి వినిపిస్తారు; వాడి అల్లరికన్నా ముందు వాడి తెలివి చెప్తారు.

ఈ తల్లిదండ్రులకు బడి నడపడంలోనూ చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు, అంటే 75 శాతం తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యుల్లో సగం మహిళలు కావాలి. చట్టం కుర్చీ వేస్తుంది. అందులో కూర్చున్నామెను మధ్యాహ్న భోజనం ఎలా ఉందమ్మా అని ముందుగా అడిగి, మాట్లాడించేది మాత్రం టీచరే. ఆ నేర్పుకు జీతంలో లెక్క లేదు, మన మెప్పులోనైనా ఉండాలి.